డబ్బా మామ ఇంటి నంబరు

కామారెడ్డి మీదుగా ఇంకా చిన్న పట్టాల బండే నడుస్తున్న ఆ రోజుల్లో, ఇల్లెక్కడ అని అడిగితే ఎవరూ ఇంటి నంబరు చెప్పేవాళ్ళు కాదు. బెల్లం అమ్మే గంజి బజారు వెనక అనో, రైసు మిల్లు గొట్టం కింద అనో, ఫలానా హకీం సాబు సందులో అనో చెప్పేవాళ్ళు. చెప్పినవాడికీ విన్నవాడికీ అది సరిపోయేది. మా మేనమామ ఇంటికి మాత్రం ఊళ్ళో ఏ దొర మేడకూ లేనంత పక్కా నంబరు ఉండేది. తెల్ల రంగుతో, జానెడు ఎత్తు అంకెలతో, ఇటు గోడ మీదా అటు గోడ మీదా రాసి ఉండేది. నంబరు ఒక్కటే కాదు. ఆ ఇల్లు ఖాళీగా ఉంటే ఎంత తూగుతుందో, అందులో ఎంత బరువు ఎక్కించవచ్చో, మరమ్మతుకు మళ్ళీ ఏ నెలలో తిరిగి రావాలో కూడా గోడ మీదే ఉండేది. తన గురించి ఇంత నిజాయితీగా చెప్పుకునే ఇంటిని నేను మళ్ళీ చూడలేదు. ఎందుకంటే అది ఇల్లు కాదు, గూడ్సు బండి డబ్బా.

మామ గూడ్స్ షెడ్డులో సరుకు ఎక్కించి దించే కళాసీ. వాళ్ళకిచ్చిన క్వార్టరు ఒక వానాకాలం కూలిపోతే, అప్పటి స్టేషన్ మాస్టరు జాలిపడి, చక్రాలు తీసేసి పక్కన పడేసిన ఒక పాత డబ్బాలో "ఇప్పటికి సర్దుకోవయ్యా" అన్నాడట. ఆ మాస్టరు బదిలీ అయిపోయాడు, తర్వాత వచ్చినాయన కూడా అయిపోయాడు, మామ మాత్రం 'ఇప్పటికి' సర్దుకుంటూనే ఉన్నాడు. ఊరంతా ఆయన్ని డబ్బా మామ అనేది. ఆయనకు కోపం వచ్చేది కాదు. అత్తది లింగంపేట. పొద్దంతా డబ్బా తలుపులో కాళ్ళు కిందికి వేలాడేసి, ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుట్టేది. వాళ్ళకు పుట్టిన ఒక్క ఆడపిల్ల ఆ డబ్బాలోనే పుట్టి, నడక నేర్చి, ఒక ఎండాకాలం జ్వరంతో అందులోనే పోయింది. ఆ సంగతి అత్త ఎన్నడూ ఎత్తేది కాదు. వేరే ఇల్లు చూసుకుందామని మామ అన్నప్పుడల్లా మాత్రం "నువ్వు పో, నేనుంట" అనేది. మామ మళ్ళీ కొన్నాళ్ళు ఆ మాట ఎత్తేవాడు కాదు.

నేను ఎల్లారెడ్డి నుంచి వాళ్ళ దగ్గరికి వచ్చింది బోర్డులు రాయడం నేర్చుకోవడానికి. పదో తరగతి నన్ను వదిలేసింది (నేను దాన్ని రెండుసార్లు పట్టుకున్నాను, అదే జారిపోయింది). స్టేషన్ రోడ్డులో ఒక ఉస్తాద్ ఉండేవాడు. కిరాణా కొట్టు, బట్టల కొట్టు, దవాఖానా, దేనికి బోర్డు కావాలన్నా ఆయనే. "హర్ఫ్ చదువనీకి గాదు బేటా, సూడనీకి" అనేవాడు. హర్ఫ్ అంటే అక్షరం. ఆయన 'క' రాస్తే దాని తోక నెమలి పింఛంలా విచ్చుకునేది, నీడ వేరే రంగులో పడేది. కొట్టు పేరేమిటో దగ్గరికెళ్ళి ఎవరినైనా అడగాల్సిందే కానీ, చూడటానికి మాత్రం కన్ను తిప్పుకోలేకపోయేవాళ్ళం. ఆ విద్య కొంచెం అబ్బేసరికి నాకు భూమ్మీద కాలు ఆగలేదు. మీసం రాకముందే చిత్రకారుడినయ్యానని నమ్మాను. చొక్కా జేబు మీద రంగు మరకలు కావాలనే ఉతకకుండా ఉంచుకునేవాణ్ణి.

డబ్బాలో కాపురం ఎట్లుండేదో చెప్పాలి. ఎండాకాలం అందులో పప్పు పొయ్యి మీద పెట్టాల్సిన పని లేదనిపించేది. వానాకాలం రేకు మీద చినుకు పడితే లోపల మాటలు వినిపించవు. అత్తా మామా పోట్లాడుకోవాలన్నా వాన వెలిసేదాకా ఆగేవాళ్ళు. పక్క లైనులో ఇంజను వచ్చి డబ్బాలను గుద్దితే, మా డబ్బాకు చక్రాలు లేకపోయినా, పాత అలవాటు కొద్దీ ఒకసారి వణికేది. మా అమ్మ ఎల్లారెడ్డి నుంచి సద్దిమూటతో, ఇద్దరు చెల్లెళ్ళతో దిగినప్పుడు మామ బయటికొచ్చి గోడ మీది అంకెలు చూసి, "అక్కా, ఎక్కించే బరువు దాటిపోయింది. ఒకరు దిగాలె" అనేవాడు. అమ్మ నిజమేననుకుని ఒకసారి చిన్నబుచ్చుకుంది కూడా. మామ నవ్వించేది అంతమటుకే. మిగతా వేళల్లో గమ్మున ఉండేవాడు. మనిషి దిగులును జేబులో రుమాలులా మడిచి పెట్టుకు తిరుగుతాడని నాకు అప్పుడు తెలియదు.

నాకు ఆ ఇంటి మీది రాత అంటే చిన్నచూపు. వంపు లేదు, నీడ లేదు, రేకు కత్తిరించి దాని మీద కుంచెతో కొట్టిన ముక్కలు ముక్కల అక్షరాలు. ఒకరోజు గూడ్సు బాబు ముందు ఆ మాటే అన్నాను. గూడ్సు బాబు అంటే షెడ్డులో సరుకు లెక్కలు చూసే గుమాస్తా. గోదావరి వైపు మనిషి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇక్కడికొచ్చి ఇక్కడే నెరిసిపోయాడు. నా మాటకు ఆయన నొచ్చుకున్నాడు.

"నువ్వు అందం చూస్తున్నావు. మేము దారి చూస్తాం" అన్నాడు. "పూర్వం ఎవడి రైలు కంపెనీ వాడిదే. నిజాం వాళ్ళది ఒకటి, అవతల బొంబాయి వాళ్ళది ఒకటి, కింద మద్రాసు వాళ్ళది ఒకటి. ఎవడి డబ్బా మీద వాడు ఎక్కడ పడితే అక్కడ, ఎలా పడితే అలా రాసుకునేవాడట. డబ్బా ఒక్కసారి పరాయి లైను ఎక్కిందంటే ఇంక అంతే, ఊరు కాని ఊరు పోయిన పిల్లాడి బతుకు. ఎవరిదో తెలీదు, ఎంత మోస్తుందో తెలీదు, ఎక్కువ ఎక్కించి ఇరుసులు విరగ్గొట్టేవాళ్ళు. చివరికి కంపెనీలన్నీ కూర్చుని ఒక కట్టడి చేసుకున్నాయి. పేరు ఫలానా చోటే, నంబరు ఫలానా చోటే, ఖాళీ బరువు, మోసే బరువు, ఇంటికి తిరిగి రావలసిన నెల, అన్నీ ఒకే వరసలో, ఒకే కొలతలో. అప్పట్నుంచి అస్సాంలో ఉన్నవాడైనా మన కామారెడ్డి డబ్బాను చూసి, ఇది ఫలానా వాళ్ళ బిడ్డ అని చెప్పగలడు. నీ నెమలి తోకలు పెడితే చెప్పగలడా?"

నేను ఒప్పుకోలేదు. చిత్రకారులు అంత త్వరగా ఒప్పుకోరు. అయితే ఆ మాట నాలో ఎక్కడో దిగింది. అది దిగడం వల్లే తర్వాత అంత ముప్పు వచ్చింది. ఆయన మాట చెవిన పడకపోయి ఉంటే నా పాత పద్ధతిలో ఎవరూ చదవలేని రాత రాసి బతికిపోయేవాళ్ళం.

ఆ ఏడు వానలు మొదలయ్యేసరికి పెద్ద పట్టాలు వస్తాయన్న కబురు నిజమైంది. చిన్న పట్టాలు పీకేస్తారు, చిన్న ఇంజన్లు పోతాయి, చిన్న డబ్బాలు పోతాయి. అప్పటికే బెల్లం సగం లారీలకెక్కింది. షెడ్డులో హమాలీలు పేకాడుతూ కూర్చునేవాళ్ళు, పని లేనివాళ్ళ ఆట కాబట్టి అందులో గెలిచినవాడి ముఖంలో కూడా కళ ఉండేది కాదు. గూడ్సు బాబు ఒక సాయంత్రం వచ్చి మా తలుపు ముందు నిలబడ్డాడు. చుట్టుపక్కల స్టేషన్లలో పడేసిన డబ్బాలన్నీ పాత ఇనుము కింద ఒక గుత్తేదారు ఎత్తుకుపోతాడట. అందులో మాదీ ఉందట. అత్త బీడీకి దారం చుడుతూ చుడుతూ ఆగిపోయింది.

"ఎట్ల గుర్తు పడ్తరు బాబూ, ఏది తీస్కపోవాల్నో?" అన్నాడు మామ.

"నంబరు చూసే. నంబరు కలిస్తే ఎత్తుతారు. కలవకపోతే వదిలేసి పైకి రాస్తారు. పై నుంచి జవాబు రావడానికి నీకు తెలుసుగా ఎంత కాలమో."

బాబు ఊరికే చెప్పాడో, కావాలని చెప్పాడో నాకు ఈనాటికీ తెలియదు. ఆయన పోయాక మామ చాలాసేపు గోడ మీది అంకెలను చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"నువ్వు పెయింటరువు గదా రా."

"అవును మామా."

"ఇంకో నంబరు రాస్తవా?"

అత్త అడ్డం చెప్పలేదు. "మంచిగ కనవడేటట్టు రాయి" అంది. ఆవిడ నా విద్య మీద నమ్మకం చూపించింది అదే మొదటిసారి. నాకు ఒళ్ళు పొంగిపోయింది.

ఆదివారం షెడ్డుకు సెలవు. పొద్దున్నే పని మొదలుపెట్టాను. పక్క లైనులో నిలబడ్డ డబ్బాల దగ్గరికి పోయి దారంతో కొలతలు తీసుకున్నాను. అక్షరం ఎంత ఎత్తు, గీత ఎంత లావు, నంబరుకూ బరువుకూ మధ్య ఎంత చోటు, అన్నీ. తుప్పు మీద గరుకు కాగితంతో పైపైన రుద్ది, రెండు గోడలకూ రెడ్ ఆక్సైడు పూత వేశాను. అది ఆరాక సుద్ద దారం పట్టి గీతలు కొట్టాను. ఉస్తాద్ చూస్తే ఏడ్చేవాడు. ఒక్క వంపు లేదు, ఒక్క నీడ లేదు. ఎవరో కట్టడి చేసిన ఆ మొద్దు అక్షరాలే, కానీ ప్రాణం పెట్టి రాశాను. వంపులు పెట్టకుండా చెయ్యి ఆపుకోవడానికి పెదవి కొరుక్కోవాల్సి వచ్చింది.

"మామా, నంబరు ఏం వెయ్యాలె?" అని నిచ్చెన మీంచి అడిగాను.

మామ ఆలోచించలేదు. బీడీ నోట్లోంచి తీసి, అంకెలు ఒకదాని వెంట ఒకటి గడగడా చెప్పేశాడు. (ఆ నంబరు నాకు ఇప్పటికీ నోటికి వస్తుంది. ఇక్కడ రాయను. ఏ ఆఫీసులో ఎవరు ఇంకా దానికోసం వెతుకుతున్నారో.) అంత చకచకా ఎట్లా వచ్చిందని నేనూ అడగలేదు. ఎక్కించే బరువు ఎంత వెయ్యాలంటే, "మీ అమ్మ కూడ పట్టేటట్టు ఎయ్యి" అన్నాడు. తిరిగి వచ్చే నెల ఏం వెయ్యాలంటే మాత్రం కాసేపు ఆగి, "నేను రిటైరైనంక ఒక ఏడాది అవతల ఎయ్యి" అన్నాడు. వేశాను. కిందికి దిగి చూస్తే, తుప్పు పట్టిన ఆ యార్డు మొత్తంలో మా ఇల్లొక్కటే పెళ్ళికొడుకులా ఉంది. నాందేడు వైపు పోయే ప్యాసింజరు కిటికీల్లోంచి జనం తలలు బయటపెట్టి చూశారు. కిందపడి ఉన్న డబ్బా మీద అంత కొత్త రంగు ఎందుకని వాళ్ళు అనుకుని ఉంటారు. నేను మాత్రం నా ప్రతిభకనుకున్నాను.

ఆ వారంలోనే పై నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. ఉబ్బసం మనిషి. వానలో తడిసి, గొడుగు కింద దమ్ము తీసుకోలేక తీసుకుంటూ ఒక్కొక్క డబ్బా దగ్గర ఆగుతున్నాడు. వెంట గూడ్సు బాబు, రైల్వే పోలీసు జమేదారు. గూడ్సు బాబు నంబర్లు చదువుతుంటే ఆఫీసరు తలూపుతున్నాడు, జమేదారు సున్నం కుంచెతో అడ్డంగా ఇంటూ గుర్తు పెడుతున్నాడు. చివరికి మా దగ్గరికి వచ్చారు. మేము ముగ్గురం తలుపు పక్కన నిలబడ్డాం. ఆ నిగనిగలాడే రాత చూసి ఆఫీసరు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "చదవండి" అన్నాడు.

గూడ్సు బాబు మొదటి రెండంకెలు చదివాడు. ఆగాడు. మామ వైపు చూశాడు. తర్వాత తల దించుకుని, డబ్బా వైపు చూడకుండానే, మిగతా అంకెలన్నీ నేల మీద బురదను చూస్తూ అప్పజెప్పాడు.

"చూడకుండా ఎలా చదివారు?" అన్నాడు ఆఫీసరు.

అప్పుడు తెలిసింది నాకు. చాలా ఏళ్ళ కింద ఆ షెడ్డు నుంచి మామ, గూడ్సు బాబు కలిసి ఒక డబ్బా నిండా బెల్లం ఎక్కించి గుజరాతు వైపు పంపారట. అది చేరలేదు. దారిలో ఏ జంక్షనులో నంబరు చెరిగిపోయిందో, ఏ బండికి ఎవరు తగిలించారో, డబ్బాకు డబ్బా మాయమైంది. విచారణ ఏళ్ళు సాగింది. ప్రతిసారీ ఇద్దరినీ నిలబెట్టి ఆ నంబరు చెప్పించేవాళ్ళట. దొంగతనం రుజువు కాలేదు కానీ, గూడ్సు బాబుకు ప్రమోషను ఆగింది, మామ సర్వీసు మీద మచ్చ పడింది. కొందరికి దేవుడి పేరు నోట్లో ఆడినట్టు, మామకు ఆ నంబరు ఆడేది. నేను నిచ్చెన మీంచి అడగగానే నాలుక చివర సిద్ధంగా ఉన్నది బయటికి వచ్చేసింది. మా మామ ఎక్కడా లేని డబ్బా నంబరు చెప్పమంటే, దేశమంతా వెతికిన డబ్బా నంబరు చెప్పాడు. నేను దాన్ని అస్సాంలో ఉన్నవాడికి కూడా కనబడేటట్టు రాశాను.

ఆఫీసరుకు కథ అర్థమయ్యేసరికి ఆయన ఉబ్బసం కూడా ఆగినట్టయింది. "ఇన్నేళ్ళూ స్టేషన్ ముందరే పెట్టుకుని కాపురం చేస్తున్నావా?" అన్నాడు.

"చక్రాలెక్కడ?" అన్నాడు జమేదారు.

"బెల్లమెక్కడ?" అన్నాడు ఆఫీసరు.

అత్త కొంగు సర్దుకుని ముందుకొచ్చింది. "అంత బెల్లం ఇంట్ల ఉంటె చీమలుండయా సారూ? ఒక్క చీమను సూపియ్యండి."

ఆ మాటకు జమేదారు నిజంగానే వంగి నేల మీద చూశాడు. నాకు నవ్వొచ్చింది, వెంటనే భయం వేసి పోయింది. మామ చేతులు జోడించాడు. "మా అల్లుడు రాసిండు సార్, నంబరు నేనే చెప్పిన. ఇల్లు పోతదని గిట్ల చేసిన. ఇది ఆ డబ్బా గాదు" అన్నాడు. ఆఫీసరు నమ్మలేదు. "పోయిన డబ్బా నంబరును ఎవడైనా తన ఇంటి మీద తనే రాయించుకుంటాడా?" అన్నాడు. గూడ్సు బాబు నిట్టూర్చి, "ఈయన రాయించుకుంటాడు సార్. మీకు ఈయన సంగతి తెలీదు" అన్నాడు. నలభై వాయిదాలలో ఏ వకీలు వాదించినా మామ తరఫున అంతకంటే గట్టి మాట దొరికేది కాదు. అదీ పని చెయ్యలేదు. కేసు తేలేదాకా డబ్బాను ముట్టుకోవద్దని, సరుకు డబ్బాకు వేసినట్టే తలుపు గొళ్ళేనికి తీగ చుట్టి సీసం బిళ్ళతో సీలు వేయించాడు. మామను డ్యూటీలోంచి తీసేస్తానన్నాడు. రిటైర్మెంటు ముందర పెట్టుకుని ఆ మాట వినడం అంటే ఏమిటో మామ ముఖం చూస్తే తెలిసింది.

వానలో అత్త చాట మీద కొంగు కప్పి నిలబడింది. కొంచెంసేపటికి తలుపు సందులోంచి పొగ మొదలైంది.

"ఏమిటది?" అన్నాడు ఆఫీసరు.

"పప్పు. పొయ్యి మీదున్నది" అంది అత్త. "మీరు సీలేసేటప్పుడు చెప్దామనుకున్న. మీరు కోపంల ఉన్నరు."

సీలు విప్పించారు. అత్త లోపలికి పోయి మాడిన గిన్నె దించింది, నీళ్ళు చల్లింది, బయటికొచ్చింది. మళ్ళీ సీలు వేశారు. ఆ మాడు వాసనలో నిలబడి గూడ్సు బాబు ఆఫీసరుతో మెల్లగా ఒక మాట అన్నాడు. పోయిన డబ్బా స్వతంత్రం వచ్చిన చాలా కాలానికి తయారైనది. ఈ డబ్బా నిజాం కాలం నాటిది. పై పూత గీకితే రద్దయిన నంబరు, దాని కింద ఆనాటి కంపెనీ అక్షరాలు బయటపడాలి. బయటపడితే మామ దొంగ కాడు. ఆఫీసరు గొడుగు వెనక్కి వంచి నా వైపు చూశాడు. "రాసింది నువ్వేనా? అయితే గీకు."

టర్పెంటైను, గుడ్డ, రేకు బద్ద తెచ్చాను. గోడ దగ్గర నిలబడ్డాక నాకు విషయం తట్టింది. ఈ గోడ మీద పాత నంబరు బయటపడితే మామ ఉద్యోగం నిలుస్తుంది. అదే నంబరు బయటపడితే ఇల్లు పోతుంది. రెండూ ఒకే నంబరు. నేను వెనక్కి తిరిగి మామను చూశాను. ఆయన అత్తను చూశాడు. అత్త ఎవరినీ చూడకుండా ఆ మూసిన తలుపునే చూస్తోంది.

"గీకు రా" అన్నాడు మామ.

"అత్తా?" అన్నాను.

తలుపు మీంచి కళ్ళు తీయకుండానే అంది, "దొంగ పెండ్లాన్నయి ఇందుల ఉండలేను గద రా. గీకు."

రంగు పూర్తిగా ఆరలేదు. గుడ్డకు తేలిగ్గానే వచ్చింది, నేను పెదవి కొరుక్కుని రాసిన అంకెలన్నీ తెల్లగా కారి చేతుల మీదికి వచ్చాయి. కింద తుప్పులోంచి రద్దయిన నంబరు మెల్లగా కనబడింది. ఇంకా గీకితే, దాని పక్కన, వేరే కొలతలో, వేరే చోట, పాత కాలపు ఇంగ్లీషు అక్షరాలు రెండు తేలాయి. ఎవడు రాశాడో కానీ, మా ఉస్తాద్ చూస్తే సంతోషించేవాడు. ఒకదాని తోక చిన్నగా వంపు తిరిగి ఉంది. కట్టడి రాకముందు పనిచేసిన పెయింటరయి ఉంటాడు. గూడ్సు బాబు దగ్గరికొచ్చి ఆ అక్షరాల మీద వేలు పెట్టాడు. ఆఫీసరు చూశాడు. చాలాసేపు దగ్గి, "సరే. కేసు లేదు. సీలు తీసేయండి" అన్నాడు. మామ అక్కడే బురదలో కూలబడ్డాడు.

ఆఫీసరు చెడ్డవాడు కాదు. గొడుగు మా అత్త వైపు కొంచెం జరిపాడు. కానీ చూసిన నంబరును చూడలేదనలేడు కదా. జమేదారు వైపు తల ఊపాడు. అతను సున్నం కుంచెతో, నేను గీకి శుభ్రం చేసిన చోటే, మూల నుంచి మూలకు ఇంటూ పెట్టాడు. వాన నీళ్ళకు సున్నం కారి ఆ గీతల కింద సన్నటి కాళ్ళు మొలిచాయి. ఎంత అధ్వాన్నంగా గీశాడని నా మనసులో అనిపించింది. అంత దుఃఖంలోనూ అదే అనిపించింది. చిత్రకారుణ్ణి కదా.

పండగలు అయిపోయాక క్రేను వచ్చింది. సామాను అప్పటికే బయట పెట్టుకున్నాం. డబ్బాను గొలుసులతో పైకెత్తితే, అది ఇన్నాళ్ళు ఉన్న చోట నేల పొడిగా, తెల్లగా, ఒక పెద్ద పలకలా ఉంది. అత్త ఆ నేల మధ్యలోకి నడిచి వెళ్ళి కాసేపు కూర్చుంది. క్రేను డ్రైవరు కిందికి దిగి, హారను కొట్టకుండా, బీడీ కాల్చుకుంటూ నిలబడ్డాడు. ఎవరూ తొందరపెట్టలేదు. తర్వాత తనే లేచి చీర దులుపుకుని, "పాండ్రి, పోదాం" అంది.

వాళ్ళను ఎల్లారెడ్డిలో మా అమ్మ ఇంటికి తీసుకొచ్చాం. మామ మిగిలిన సర్వీసు రోజూ బస్సు మీద పోయి వచ్చాడు. పెంకుల ఇంట్లో వాన పడితే చప్పుడే లేదని, ఈ వాన అసలు పడుతున్నదో లేదో తెలవదని అత్త విసుక్కునేది. రిటైరైన రోజు షెడ్డులో మామ మెడలో గూడ్సు బాబు బంతిపూల దండ వేశాడట. ఆ తర్వాతి చలికాలం మామ పోయాడు. పోయేముందు ఒకసారి, "ఆ బెల్లం ఎవలు తిన్నరో గని రా, మంచి బెల్లం. నేనే ఎక్కించిన" అన్నాడు. మేము నవ్వాం. ఆయన కూడా నవ్వాడు. అత్త మాత్రం ఆయన దుప్పటి అంచు సవరించి బయటికెళ్ళింది.

ఉస్తాద్ పోయాడు, నేను ఆయన రోడ్డులోనే కొట్టు పెట్టాను. తర్వాత యంత్రాలు ముద్రించే గుడ్డ బోర్డులు వచ్చి మా కుంచెలను ఎండబెట్టాయి. వెనకా ముందూ చూసుకుని కామారెడ్డిలో రెండు గదుల ఇల్లు కట్టుకునేసరికి నాకు జుట్టు నెరిసింది. మొన్నామధ్య మునిసిపాలిటీ కుర్రాడొకడు ఇళ్ళకు నంబర్లు వేస్తూ వచ్చాడు. రేకు ముక్క గోడకు ఆనించి, కుంచె తడిపి, వంకరగా కొట్టబోతుంటే చూడలేక అతని చేతిలోంచి కుంచె లాక్కున్నాను. స్టూలు వేసుకుని ఎక్కి, గోడ మీద పెన్సిలుతో సన్నటి గీతలు గీసుకుని, మూడంకెలు రాయడం మొదలుపెట్టాను. మోకాళ్ళు నొస్తున్నాయి. చెయ్యి ఇప్పుడు కొంచెం వణుకుతుంది. వణికినప్పుడు ఆపి, ఆగాక మళ్ళీ రాస్తూ పోయాను. మా ఆవిడ తలుపులోంచి చూసి కుర్రాడికి చాయ్ ఇచ్చింది. అతను చాయ్ తాగేశాడు, గ్లాసు కడిగి పెట్టాడు, నేనింకా రెండో అంకె దగ్గరే ఉన్నాను.

"సాలు దిగు పెద్దమనిషీ" అన్నాడు చివరికి. "పోస్టుమ్యానుకు ఎర్కయితె సాలు. ఎవలు సూస్తరు?"

నేను దిగలేదు. అంచు ఇంకా కొంచెం సరిచేయాల్సి ఉంది.